ఫ్లాట్ బుష్ బాత్రూమ్, పోర్చుగల్ గోడలు

ఏప్రిల్ 28, 2018, శనివారం

ఫ్లాట్ బుష్ పేటలో కొత్త ఇంటి బాత్రూమ్ అయిపోయింది. టైల్స్ సందుల్లో నింపిన గ్రౌట్ తుడిచేసరికి మూడున్నర. ఇంటాయన రాఘవరావు గారు అరగంటకోసారి తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్ళారు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి గృహప్రవేశం. ఇది దాటితే అధిక మాసం, ఆపైన ఆషాఢం, మళ్ళీ శ్రావణం దాకా తమ పేర్లకి కుదిరే ముహూర్తాలు లేవని రెండు వారాల నుంచీ ఒకటే పాట.

ఇది రాసిపెట్టుకోవాలి. లేకపోతే నాకు నేనే మర్చిపోయినట్టు నటిస్తాను. టైల్స్ కింద నీరు దిగకుండా వేసే రబ్బరు పూత – దాని రెండో కోటింగ్ వేసింది గురువారం సాయంత్రం. శుక్రవారం పొద్దున్నే బొటనవేలు పెట్టి చూశాను. అంటుకుంది. కొంచెమే. ఇక్కడ ఏప్రిల్ అంటే చలి మొదలు – వానలు, ఇల్లంతా తడిగాలి. ఇంకో రోజన్నా ఆరనివ్వాలి. ఆరనివ్వలేదు. టైల్స్ వేసేశాను.

సాయంత్రం పాపకూరలో మా యజమాని మనువెల్ ఇంటికి వెళ్ళి, పని పద్ధతిగా జరిగిందనే కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. లైసెన్సు ఆయనది, కౌన్సిల్‌కి వెళ్ళేది ఆయన సంతకమే. "రెండో కోటింగ్ ఎప్పుడు?" అన్నాడు. "బుధవారం" అన్నాను. "ఆంజాక్ సెలవు రోజు కూడా పనిచేశావా" అని భుజం తట్టాడు.

బుధవారం నేను ఇంట్లో సూట్‌కేసులు సర్దుతున్నాను.

ఏప్రిల్ 29, ఆదివారం

గృహప్రవేశం. పొగకి అలారం మోగకుండా దానికి ప్లాస్టిక్ షవర్ టోపీ తొడిగారు. పాలు పొంగాయి. వచ్చిన ప్రతివాళ్ళూ బాత్రూమ్ చూసి బాగుందన్నారు. పెద్ద టైల్, సన్న గ్రౌట్, మూలలు కత్తిలా వచ్చాయి. పైకి చూస్తే నా చేతి పనుల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు.

"ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెట్టాలి కదండీ, ఇక్కడైతే మాత్రం..." – రాఘవరావు గారి భార్య అనూరాధ గారు. నాకూ మనువెల్‌కీ పళ్ళెంలో పంచె, కండువా. మనువెల్ రెండు చేతులతో తీసుకుని "టేబుల్ మీద వేసే గుడ్డా?" అని నన్ను అడిగాడు. చెప్పాక కండువా భుజాన వేసుకుని మూడుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు.

నా పంచె కారు డిక్కీలోనే ఉంది. ఇంట్లోకి తేవాలనిపించలేదు.

ఏప్రిల్ 30, సోమవారం

మనువెల్ పోర్చుగల్‌లో వాళ్ళ ఊరు, చెల్లెలి అడ్రసు రాసిచ్చాడు. ఓవార్, లుర్దెస్. అక్కడి కేకు ఒకటి తెమ్మన్నాడు, మధ్యలో ఉడకనట్టు ఉంటుందట, అదే దాని గొప్ప. పదకొండేళ్ళ క్రితం నేను బిజినెస్ డిప్లొమా అని వచ్చి, ఆయన దగ్గర సిమెంటు బకెట్లు మోయడం మొదలుపెట్టిన రోజు నుంచీ టీ టైమ్‌లో ఇదే కబురు. మా ఊళ్ళో ఇళ్ళకి బయట కూడా టైల్స్ ఉంటాయి, నువ్వు చూడాలి, చూడాలి.

"వెళ్ళిరా. వచ్చాక వ్యాన్ మీద నీ పేరు రాయిద్దాం. నా తుంటి ఇంక మోకాళ్ళ మీద కూర్చోనివ్వదు." ఎన్నేళ్ళుగానో నేను వినాలనుకున్న మాట. విన్నాను. తలూపాను.

మే 3, గురువారం

ఎయిర్‌పోర్టు. మా ఆవిడ మాధవి ఆవకాయ డబ్బాకి నాలుగో కవరు చుడుతోంది. శ్రీజకి తొమ్మిదేళ్ళు, స్కూల్లో రెండు వారాలు సెలవు అడిగాం. "ఇండియా కాకుండా వేరే హాలిడేకి వెళ్ళడం ఫస్ట్ టైమ్ కదా డాడ్?" నిజమే. అందరికీ ఆశ్చర్యమే. "అక్కడ మీకెవరున్నారు?" అని పక్కింటి ఆంటీ రెండుసార్లు అడిగింది.

మే 5, శనివారం, లిస్బన్

ఎక్కడం, దిగడం, ఎక్కడం. ఊరంతా మెట్లే. కాలిబాటలు తెల్లరాయి, నల్లరాయి ముక్కలతో పేర్చారు, అలలూ చుక్కలూ. వాడివాడి నున్నబడ్డాయి. మాధవి రెండుసార్లు జారింది. "ఇంత అందమెందుకు, నడవడానికి కాస్త సిమెంటు పోస్తే పోలా."

ఒక సందులో ఒకాయన చిన్న పీట వేసుకుని ఆ రాళ్ళు దించుతున్నాడు. రాయి అరచేతిలో పెట్టుకుని సుత్తితో రెండు దెబ్బలు, తిప్పి ఒకటి, ఇసకలో పెట్టి ఒకటి. టేపు లేదు, దారం లేదు. నలభై నిమిషాలు నిలబడి చూశాను. శ్రీజ వచ్చి లాక్కుపోయింది.

గోడలు – రాయను. ఎంత రాసినా చాలదు. ప్రతి మూడో ఇంటికీ నీలం, పసుపు, ఆకుపచ్చ. ఎండలో, వానలో, సముద్రపు గాలిలో వందేళ్ళు.

మే 6, ఆదివారం

బెలేం మఠం. స్తంభాల మీద తాళ్ళు, పగడాలు, ఓడ సామాను అంతా రాతిలో చెక్కారు. లోపల చర్చిలో, సోషల్ పుస్తకంలో కాలికట్‌కి ఓడ తెచ్చినాయన సమాధి. రాతి మనిషి చేతులు జోడించి పడుకుని ఉన్నాడు. బాపట్ల హైస్కూల్లో ఈయన మీద ఒక మార్కు ప్రశ్న, ప్రతి ఏడాదీ వచ్చేది. నా ఒక్క మార్కు పడుకున్నది ఇక్కడన్నమాట.

బయట గుడ్డు క్రీము పెట్టిన చిన్న బిళ్ళలు, వేడివేడిగా. పైన దాల్చినచెక్క పొడి చల్లుకోవాలి. శ్రీజ నాలుగు తింది. నేనూ నాలుగే, కాని మాధవికి రెండన్నాను. ఈమధ్య చిన్న అబద్ధాలు కూడా అడక్కుండానే వస్తున్నాయి.

మే 7

ఎండుచేప కొట్టు. పలకల్లా ఎండబెట్టిన చేపలు పైకప్పు దాకా పేర్చారు. తలుపు తీయగానే నిజాంపట్నం రేవు వాసన. మాధవి ముక్కు మూసుకోలేదు, నవ్వింది. "దీన్ని తినడానికి ఇరవై ఎనిమిది గంటలు కూర్చుని వచ్చామా."

మధ్యాహ్నం దాన్నే సన్న బంగాళాదుంప వేపుడుతో, గుడ్డుతో కలిపి వండింది తిన్నాం. బాగుంది. కారం అడిగితే ఒక సీసా తెచ్చిచ్చారు. మన దేశానికి మిరపకాయ తెచ్చింది వీళ్ళే అని వెయిటర్ చెప్పాడు. గుంటూరులో ఎవరితోనూ అనకూడని మాట.

మే 8, మంగళవారం

టైల్ మ్యూజియం. పాత సన్యాసినుల మఠం అది. పొద్దున పదింటికి వెళ్ళి మూడింటికి బయటికి వచ్చాను. మాధవీ శ్రీజా ఒంటిగంటకే తోటలో కూర్చున్నారు.

ఒక గోడ పొడవునా భూకంపానికి ముందటి లిస్బన్ మొత్తం నీలం బొమ్మగా ఉంది. ఊరు కూలిపోయింది, టైల్ మిగిలింది. ఇంకో గదిలో టైల్స్ వెనకవైపు కూడా చూపించారు – ఏ పలక పక్కన ఏది రావాలో అక్షరాలూ అంకెలూ వేసి ఉన్నాయి. ఒక బొమ్మలో దేవదూత మోచేయి తప్పు పలకలో పడింది. బాగుచేసిన వాళ్ళెవరో తప్పు పెట్టారు. అందరూ ముఖం చూస్తారు, నాకు మోచేయి కనిపించింది.

అయినా నేను చూసింది ఎక్కువగా గోడల కింది వరసలు. తేమ ముందు అక్కడే తెలుస్తుంది. చెయ్యి పెడితే గార్డు వచ్చి ముట్టుకోవద్దంది. "సారీ, హీ డస్ దిస్ అట్ హోమ్ టూ" అని శ్రీజ.

మే 9

వాన. బాత్రూమ్ గుర్తుకొచ్చింది. రోజంతా మనసులోంచి పోలేదు.

మే 10, గురువారం

అనూరాధ గారి మెసేజి. "ప్రసాద్ గారూ, హాలిడేలో డిస్టర్బ్ చేస్తున్నా, సారీ. బాత్రూమ్ బయట మూల కార్పెట్ కొంచెం తడిగా ఉంటోంది. పైపు లీకేమో. ప్లంబర్ని పిలవమంటారా?"

ట్రామ్‌లో ఉన్నాను. నిలబడి చదివాను. పైపు కాదని నాకు తెలుసు. ఆ మూల, సరిగ్గా ఆ మూల, బొటనవేలు అంటుకున్న చోటు.

"పిలిచి చూడండి" అని కొట్టాను. వెళ్ళిపోయింది. రెండు నీలం టిక్కులు. "థాంక్యూ అండీ, ఎంజాయ్" అని వచ్చింది.

మాధవి "ఎవరు?" అంది. "పనివాళ్ళు" అన్నాను.

మే 11, శుక్రవారం, పోర్తో

రైలు. స్టేషన్ హాలంతా నీలం టైల్స్ – యుద్ధాలు, పెళ్ళిళ్ళు, గుర్రాలు. జనం టికెట్లు కొనుక్కుని తలెత్తకుండా పోతున్నారు. నేనూ మేముండే టకానిని స్టేషన్లో అంతే కదా, తలెత్తను. అక్కడ చూడ్డానికేం లేదు గాని.

రోజంతా ఒకటే లెక్క వేసుకున్నాను. చూడకుండా సంతకం పెట్టింది మనువెల్. తొందరపెట్టింది రాఘవరావు గారు. నేనొక్కడినేనా? ఇలా ముగ్గురికీ పంచితే నా వాటా తేలిగ్గానే వచ్చింది. ఆ హాయి సాయంత్రం దాకా ఉంది.

మే 12, శనివారం

ఓవార్. పోర్తో నుంచి ముప్పావుగంట. చిన్న ఊరు, ప్రతి వీధీ టైల్సే. మనువెల్ అబద్ధం చెప్పలేదు. తక్కువే చెప్పాడు.

లుర్దెస్‌కి డెబ్భై ఉంటాయి. అన్నగారి ముక్కే. ఇంగ్లీషు రాదు, మనవరాలు ఇనెస్ చెప్తుంటే మాట్లాడుకున్నాం. ఆకుకూర పులుసు – మా ఇద్దరికీ సాసేజి ముక్క వేయకుండా తీసిపెట్టింది, మాంసం తినరని మనువెల్ చెప్పాడట. ఎండుచేప, రొట్టె. ఆఖర్న పరమాన్నం. మన పరమాన్నమే, నిమ్మతొక్క వేశారు. పైన దాల్చినచెక్క పొడిని వేళ్ళతో చిటికెలుగా వదుల్తూ గళ్ళు గీసింది. మాధవి చూస్తూ కూర్చోలేకపోయింది. ఇంకో పళ్ళెం దగ్గరికి లాక్కుని అదే పొడితో ఐదు చుక్కల ముగ్గు వేసింది. లుర్దెస్ చేతులు కడుక్కుని వచ్చి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. మధ్య గీత ఎక్కడ మొదలైందని అడిగింది. ఇద్దరూ అరగంట. ఇనెస్‌తో పని పడలేదు.

తర్వాత ఇంటి బయట గోడ చూపించింది. మనువెల్ ఇరవై రెండో ఏట వేసింది. బాగుందన్నాను. బాగుంది కూడా. అప్పుడు ఆవిడ ఏదో అంటే ఇనెస్ నవ్వుతూ చెప్పింది: "మామ్మ ఏమంటోందంటే... ఆయన ఎవరి పనినైనా రెండుసార్లు వెళ్ళి చూస్తాడు. మీది మాత్రం చూడడట. ప్రసాద్ చేస్తే నేను వెళ్ళి చూడను అని ప్రతి ఆదివారం ఫోన్లో చెప్తాడు. గొప్పగా."

నేనూ నవ్వాను. నిన్నటి వాటాలన్నీ తిరిగి నా దగ్గరికే వచ్చాయి. ఆయన చూడకపోవడం తప్పని నేను లెక్క రాసుకున్నాను. అది తప్పు కాదు. నేనంటే నమ్మకం, అంతే. సిగ్గేసింది. ఎండలో నిలబడితే చెమట పట్టినంత మామూలుగా, ఒళ్ళంతా సిగ్గేసింది.

కేకు కాగితంలో చుట్టి ఇచ్చింది.

తిరుగు రైల్లో మాధవికి చెప్పాను. శ్రీజ నిద్రపోతోంది. మాధవి నా వైపు తిరిగింది. "అయితే వారం నుంచీ గోడలు తడిమింది ఇందుకా." నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "ఆయనకి చేసి చెప్పండి." ఇలాంటివి ఎదురుగా చెప్పాలన్నాను. "ఎదురుగా అంటే ఇంకో ఆరు రోజులు దాచడం అన్నమాట."

మే 13, ఆదివారం

ప్లంబర్ వచ్చాడట. గోడ పలక కోసి పైపులు చూశాడట. పైపులు బాగున్నాయి. "ఇప్పుడు గోడకి కూడా బొక్క పడింది ప్రసాద్ గారూ" – ఫోటో పంపారు. కొత్త ఇంట్లో, నెల కాని గోడలో, చదరంగా కోసిన బొక్క.

"షవర్ వాడకండి. పైపు కాదు, నా పని చూడాలి. వచ్చాక శనివారం పొద్దున్నే వస్తాను" అని పంపాను. టిక్కులు నీలం అయ్యాయి.

మనువెల్‌కి ఫోన్ కలిపాను. మోగక ముందే పెట్టేశాను.

మే 14

ద్రాక్షసారా గిడ్డంగులు, నది, వంతెన. వీళ్ళ పీపా మన పీపానే. బాల్చీ, మేజా, అలమార – ఇలా రెండు భాషల్లో కలిసే మాటలు శ్రీజ ఒక కాగితం మీద రాస్తోంది. మేస్త్రి కూడా వీళ్ళ మాటేనట, పనిలో పెద్దవాణ్ణి అలా అంటారట. శ్రీజ అడిగింది, "సో ఆర్ యూ వన్?" మాధవి నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

మే 17, గురువారం

టకానిని. తడి బట్టల వాసన, చలి. కేకు చేతిలోనే పెట్టుకుని తెచ్చాను. ఎయిర్‌పోర్టులో తిండి సామాను తనిఖీ చేసే బయోసెక్యూరిటీ ఆవిడ వాసన చూసి వదిలేసింది, ఆవకాయ డబ్బా చూసి మాత్రం, తీసుకెళ్ళి తిరిగి తెచ్చింది కూడా డిక్లేర్ చేశావా అని అడిగింది.

మే 18, శుక్రవారం

పనయ్యాక పాపకూర. మనువెల్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కాగితం విప్పాడు. చెంచాతో మధ్యలోంచి తీసి తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. స్టేషన్ చూశావా, చర్చి పక్కగోడ చూశావా, లుర్దెస్ ఎలా ఉంది. అన్నీ చెప్పాను. ఇంకేం మిగల్లేదు.

"ఫ్లాట్ బుష్‌లో రెండో కోటింగ్ బుధవారం వేయలేదు. గురువారం సాయంత్రం. మర్నాడే టైల్స్ వేశాను."

చెంచా పెట్టేశాడు. కేకు మీద కాగితం తిరిగి మడిచాడు, నాలుగు మూలలూ.

"నీళ్ళు దిగుతున్నాయా?"

"దిగుతున్నాయి."

"ఎన్నాళ్ళుగా తెలుసు?"

"లిస్బన్‌లో తెలిసింది. అంతకు ముందే తెలుసు."

తిడతాడనుకున్నాను. ఆయన తిట్లు నాకు అలవాటే, పోర్చుగీసులో తిడితే అర్థం కాకపోయినా తగులుతాయి. తిట్టలేదు. "ఆంజాక్ రోజు పనిచేశావని నేను లుర్దెస్‌కి కూడా చెప్పాను" అన్నాడు. అంతే. లేచి టీ పెట్టుకున్నాడు. ఒక్క కప్పు.

మే 19, శనివారం

ఫ్లాట్ బుష్. నేను ఏడింటికి వెళ్ళేసరికి మనువెల్ వ్యాన్ అప్పటికే ఉంది. తలుపు దగ్గర రాఘవరావు గారితో మాట్లాడుతున్నాడు. "సంతకం నాది. తప్పు నాది. నేల అంతా తీసి మళ్ళీ వేస్తాం."

"కాదండీ" అన్నాను తెలుగులో. "ఆయనకి నేను అబద్ధం చెప్పాను. ఆరకుండానే వేశాను. మీ ముహూర్తం దాటిపోతుందని."

రాఘవరావు గారు నన్ను చూశారు. "ఇంకో రోజు ఆగాలి అని ఒక్క మాట అంటే ఆగేవాళ్ళం కదండీ. కింద ఇంకో బాత్రూమ్ ఉందిగా, అదే చూపించేవాళ్ళం. మీరు అడిగారా?"

ఆగేవాళ్ళో లేదో. కాని నేను అడగలేదు. ముహూర్తం అంటే అడగకూడనిదని నాకు నేనే అనుకున్నాను. మన ఇళ్ళల్లో ముహూర్తం ముందు ఎవరం నోరు తెరుస్తాం.

అనూరాధ గారు మెట్ల మీదే నిలబడ్డారు. "గృహప్రవేశమైన నెలలోపే ఇంట్లో సుత్తి దెబ్బలు... అదీ అధిక మాసంలో." కోపంగా కూడా అనలేదు. కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ పెట్టిన పంచె ఇంకా డిక్కీలోనే ఉంది.

మనువెల్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ తుంటితో. నేను సుత్తికి చెయ్యి చాచాను, ఇవ్వలేదు. మొదటి టైల్ ఆయనే పగలగొట్టాడు. కింద పూత మెత్తగా, పాల మీగడలా లేచి వచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి, నాకు చూపించకుండానే బకెట్లో వేశాడు. చూపించి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం దాకా ముక్కలు మోశాను. పదకొండేళ్ళ క్రితం మోసిన బకెట్లే.

మే 21, సోమవారం

నేల ఆరడానికి హీటర్లు పెట్టాం. ఆరింది చాలదన్నాడు. ఈ రెండు రోజుల్లో నాతో అన్న మాటలు: హీటరు, కిటికీ, కాదు, రేపు.

మే 22

మాధవి అడిగింది, వ్యాన్ సంగతి ఏమన్నా అన్నాడా అని. లేదు. "మీరు అడిగారా?" లేదు. మొన్న శనివారం రాఘవరావు గారు కూడా ఇదే అడిగారు. ఇద్దరిదీ ఒకే ప్రశ్న, నాదీ ఒకే జవాబు.

వ్యాన్ రాకపోతే పోనీ. వేరేచోట పని దొరక్కపోదు. ఆయన నా పని చూడ్డానికి వస్తే మాత్రం... అదే తట్టుకోలేననిపిస్తోంది.

మే 24, గురువారం

మొదటి కోటింగ్ వేశాను. నేనే. బ్రష్ నా ముందు పెట్టి ఆయన బయటికి వెళ్ళాడు. నాలుగు మూలల్లోనూ రెండుసార్లు పూశాను. అయ్యాక పిలిచాను.

మనువెల్ గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని మెల్లగా వంగి, టార్చి వేసి, మూల మూలా చూశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను, కొత్తగా చేరినవాడిలా. చూడటం చాలాసేపు పట్టింది. లేచేటప్పుడు చెయ్యి ఇచ్చాను, పట్టుకున్నాడు. బాగుందనలేదు. బాగోలేదనీ అనలేదు.

"శనివారం" అని వెళ్ళిపోయాడు. శనివారం రెండో కోటింగ్. నన్ను వేయమన్నాడో, తనే వేస్తాడో తెలియదు. ఏడింటికి వెళ్తాను.